ఏడో మజిలీ

కొర్లగుంటలో మిక్సీలు బాగుచేసే అంగడిపైన నా గది.
బైరాగిపట్టెడలో రెడ్డెమ్మ యంత్రం.
నడిస్తే అరగంట.
నా ప్యాకెట్టు మాత్రం
రేణిగుంట దాటి, చెన్నై దాటి,
ముంబైలో మలుపు తిరిగి
మళ్లీ ఊళ్లోకే వస్తుంది.
నలభై ఏడు మిల్లీసెకన్లు.
పాలపద్దు రాసినట్టు రాసుకుంటాను.

కింద అంగడి మునెప్పకీ నాకూ
ఈ వీధి మొత్తానికీ
బయటిలోకంలో ఒకటే చిరునామా.
ఎవరికొచ్చిన జవాబు ఎవరిదో
గుమ్మం దగ్గరి పెట్టెకే తెలుసు.

దారి తెలియాలంటే
చావడానికే కొన్నిటిని పంపాలి.
మొదటిదానికి ఒక్క అడుగు ఆయుష్షు,
రెండోదానికి రెండు.
ఊపిరాగిన చోటి గడప
"ఇక్కడే పోయింది" అని కబురంపుతుంది.
ఆ చావుకబుర్లు అతికించి పటం గీస్తాను.

ఏడో మజిలీ పలకదు.
మూడు నక్షత్రాలు, అంతే.
నెల్లాళ్లుగా అంతే.
పాడైందనుకున్నాను.
గాజుతీగలు అతికే చెంగల్రాయుడు నవ్వినాడు:
"పలక్కపోతే ఏంది మేడమ్,
పోనిస్తా ఉంది గదా!
లేకుంటే ఎనిమిదోది యాడ పలికేది?"

నిన్న రాత్రి రెండున్నరకి
ఎవరో ఎక్కడో ఒక్క వాక్యం మార్చారు.
ముంబై మాయం.
చెన్నై నుంచే వెనక్కి.
పదకొండు మిల్లీసెకన్లు.
రెడ్డెమ్మ ఫోన్లోనే ఈల వేసింది.

మంచి అంకె.
రాయబోయి పెన్ను ఆపాను.
ఏడో గడిలో ఇప్పుడు ఇంకెవరో
చక్కగా పేరు చెప్తున్నారు.

నెల్లాళ్లు నా ఉత్తరాలు మోసి
ఒక్కసారీ పేరు చెప్పనిదాన్ని
పద్దులో ఏమని కొట్టేయను?