అరగ్రాము

ప్ల్జెన్ ఊరి చివర, ట్రాము పట్టాలు ఆగిపోయేచోట
నా లేత్ మిషను.
ముప్ఫై ఏళ్లుగా బీరు పీపాల కుళాయిలకు మరలు కోస్తున్నాను.
నేను తినే సూపులో కూడా అల్యూమినియం వాసనేనని
మా ఆవిడ సణుగుడు.

బొహ్దానా మొదటిసారి వచ్చినప్పుడు
చేతిలో గీసిన కాగితం, నోట్లో సగం కొరికిన రొట్టె.
యోయో చెయ్యాలి, అంది.
నవ్వాను. పిల్లలాట కదా.
అరవై ఆరు గ్రాములు, పైన ఒక్క పిసరు వద్దు, అంది.
నవ్వు ఆపాను.
అంకె చెప్పేవాళ్లంటే నాకు గౌరవం.

నిండుకుండ తొణకదంటారు.
ఇక్కడ దాన్ని తిరగేసి నేర్చుకున్నాను:
పొట్ట తోడేసి
బరువునంతా అంచుకు తరిమేస్తేనే
తొణక్కుండా తిరుగుతుంది.
నడుమ మిగిలేది ఓ ఇరుసు, ఓ బేరింగు,
దారానికి కాస్త దారి.

ఆ దారి వెడల్పు దగ్గరే మా మొదటి గొడవ.
ఎక్కువైతే పిలిచినా తిరిగి రాదు,
తక్కువైతే పిలవకుండానే వచ్చి గణుపులు పగలగొడుతుంది.
మరి ఎంత? అన్నాను.
మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సినంత, అనలేదామె.
అలాంటి మాటలు పుస్తకాల్లో ఉంటాయి.
నాలుగున్నర మిల్లీమీటర్లు, అంది.

మొదటి జత వణికింది.
తిరుగుతున్న అంచుకు బొటనవేలి గోరు ఆనించి
కళ్లు మూసుకుంది.
నా కొలత పరికరం ఒప్పుకోని వెంట్రుకవాసి తేడాను
ఆ గోరు పట్టేసింది.
ఆ రాత్రి పరికరం మీద అలిగి పడుకున్నాను.

నాలుగోది, దేవుడా,
దారం చివర అలా నిద్రపోయింది
నేను కాఫీ తాగి, కప్పు కడిగి, బోర్లించేదాకా.
బొహ్దానా దాన్ని సొరుగులో పడేసింది.
బాగానే ఉంది, కానీ
ఎవరి కోసమో తెలీడంలేదు.

మర్నాడు వెండెలీన్‌ని పట్టుకొచ్చింది.
రాత్రిపూట ట్రాములు కడుగుతాడు.
ఎడమచేతివాటం, ఎండిన సబ్బులా పగుళ్లిచ్చిన వేళ్లు.
నన్ను పక్కకు లాగి
యోయోను చూడకు, అతని మోచెయ్యి చూడు, అంది.

చూశాను.
అతను విసరడు. వదుల్తాడు.
పైకెళ్లిన లోహం ఇక పడబోతూ పడని చోట
దారం సడలుతుంది చూడండి,
అక్కడ చెయ్యి కూడా ఆగుతుంది.
తెగేదాకా లాగకూడదని నేను వెయ్యిసార్లు విన్నాను,
లాగకుండా ఉండటం ఎలా ఉంటుందో
చూడటం అదే మొదలు.

ఆ ఆగడానికి చోటు చెయ్యాలి, అంది బొహ్దానా.
అతని గుప్పిట్లో మైనం ముద్ద పెట్టి నొక్కించింది.
ఆ గుంట వంపే కొత్త కాగితం మీది గీత.
అంచులోంచి అరగ్రాము తీసెయ్యమంది.

నిద్ర తగ్గిపోతుంది, అన్నాను.
తగ్గనీ.
తెల్లవారుజామున నాలుగింటికి
ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఆడుకుంటాడు,
పోటీల్లో కాదు.
రెండు నిమిషాలు తిరిగి ఎవరికి చూపించాలి?

అరగ్రామంటే ఎంతో తెలుసా మీకు?
నా అరచేతిలోకి రాలిన రజను.
ఊపిరి వదిలితే లేచిపోతుంది.
ఊపిరి బిగబట్టే కోశాను.

రంగు పూయకుండానే అతనికిచ్చాం.
ఒక్కసారి వదిలాడు, ఆగాడు, అందుకున్నాడు.
మళ్లీ వదిలాడు.
చివరికి నోరు విప్పి ఒక్కటే మాట:
చల్లగా ఉంది.

అంతే. పనికి టైమైందని వెళ్లిపోయాడు.

బొహ్దానా నోటు పుస్తకం తీసి
ఆ రెండు ముక్కలూ రాసుకుంది, కింద గీత కూడా గీసింది.
ఈ ఉదయం నేను షట్టరు ఎత్తేసరికే మెట్ల మీద కూర్చుని ఉంది.
ఇత్తడి ఎంతసేపట్లో వెచ్చబడుతుంది జ్బినెక్, అని అడిగింది,
గుడ్ మార్నింగ్ కూడా చెప్పకుండా.