మర

పామూరు రోడ్డులో జిలాని షెడ్డు.
మూడు ఇనప గొట్టాలు తలలు కలిపి నిలబడ్డాయి,
నడుమ చైన్ పుల్లీ వేలాడుతోంది.
దాని కింద నా మటాడోరు.
నెంబరు ప్లేటు ఇంకా ప్రకాశం జిల్లాదే,
కందుకూరు మాత్రం నెల్లూరులోకి పోయింది.

"ఈ బండి ఇంజను పైకి రాదు మాలకొండయ్యా,
కిందకే దిగాల.
దాన్ని నేల మీద అట్నే కూర్చోబెట్టి
బండిని దాని మీద నించి లేపాల"
అన్నాడు జిలాని, నాకు తెలియనట్టు.
ముప్పై మూడేళ్లు దాని పక్కన కూర్చున్నోణ్ణి.
ఎడమ మోకాలు దాని వేడికి కమిలి కమిలి
ఇప్పటికీ అక్కడ వెంట్రుక మొలవదు.

ముందు బ్యాటరీ తీశారు.
రేడియేటరు నీళ్లు వదిలితే
తుప్పురంగులో కాసేపు పారి ఇసకలో ఇంకాయి.
నల్లనూనె మొత్తం డబ్బాలోకి దిగడానికి
రెండు టీలు పట్టింది.
డీజిలు పైపు, యాక్సిలేటరు తీగ, సెల్ఫు వైరు,
విప్పినవి విప్పిన వరసలోనే
గోనెపట్టా మీద పేరుస్తున్నాడు పెంచల్.
పదిహేడేళ్లుంటాయి, మీసం గ్రీజుతో దిద్దుకున్నట్టుంది.
సైలెన్సరు బోల్టులు నాలుగింట్లో మూడు వచ్చాయి.
నాలుగోదానికి కిరసనాయిలు పోసి అన్నాలు తిని వచ్చారు.
వచ్చి తిప్పితే విరిగింది.

ఇంజను మీద రేకు మూత, మూత మీద రెక్సిన్ పరుపు.
లెక్కలో లేని సీటు అది.
పొగాకు రోజుల్లో, ఇంకా తెల్లారకముందే
పలుకూరు ఆడోళ్లు ముప్పై మంది ఎక్కితే
చలికి ఆ మూత కోసమే పోట్లాట.
నలుగురు కూర్చునేవాళ్లు, ఆరుగురు ఆనుకునేవాళ్లు.
బ్యారన్ కాడికి చేరేలోగా
ఒకామె పిల్లకి పాలిచ్చేది, ఒకామె కునుకు తీసేది,
రవణమ్మ మాత్రం గేరు మార్చినప్పుడల్లా
నా మోచేతిని తిట్టేది.

మూత లేపారు.
ఇంజను పక్క సందులో గడ్డకట్టిన మడ్డి.
పెంచల్ చాకుతో గీకాడు.
పురికొస ముక్క. సపోటా గింజలు. పావలా.
పసిపిల్ల గాజు, సగం.
ఇంకోటి చిన్నది, గుండ్రంగా, నల్లగా.
కిరసనాయిల్లో వేసి కుంచెతో రుద్ది
వెలుతురుకి పట్టి చూశాడు.
"తాతా, దీనికి మరుంది.
ఇది ఏ బోల్టుది?"

ఎర్రరాయి కమ్మ.

ఆ రోజు రవణమ్మ
బ్యారన్ ముందర చెవి తడుముకుని కూలబడింది.
మూత పక్కన మగపురుగు క్లీనరొక్కడే.
చినకోటయ్య. వాడికీ అప్పుడు ఇంతే వయసు.
జేబులు తిరగేశాను, చొక్కా విప్పి దులిపించాను,
ముప్పై మంది చూస్తుండగా.
"ఇంజను సందులో పడిందేమో చూడన్నా" అన్నాడు.
"ఇంజను దించాలంటే ఎంతవుద్దో తెల్సా నీకు"
అని కొట్టాను.
వాడు తంగుటూరు వైపు రోడ్డు పట్టుకుని నడిచాడు.
మధ్యాన్నం అదే దారిన ఖాళీ బండితో వచ్చాను,
హారన్ కొట్టి దాటిపోయాను.
రవణమ్మ ఉన్న ఒక్క కమ్మా అమ్ముకుని
పోయేదాకా చెవులకి చీపురుపుల్లలే.

జిలాని గొలుసు లాగుతున్నాడు.
టక టక టక,
లాగినప్పుడల్లా బండి ముక్కు వేలెడు లేస్తోంది.
ఇంజను లారీ టైరు మీద కదలకుండా కూర్చుంది.
సాయంత్రానికి కరేడు రొయ్యల చెరువు వాళ్లొచ్చి
జనరేటరుకని తీసుకుపోతారు.
మిగతా బండి తూకానికి.

"ఏ బోల్టుది తాతా?"

గోనెపట్టా మీద ఒక చోటు చూపించాను.
విరిగిన బోల్టు పక్కన పెట్టాడు.

పొద్దుగూకే వేళ
జిలాని వేలితో ఒక్కోటీ తాకుతూ లెక్క చూసుకున్నాడు.
"ఒకటి ఎక్కువుందే" అన్నాడు.

నేను ఎడమ మోకాలు రుద్దుకుంటున్నాను.