రెండు రాత్రుల బ్యాటరీ

వాగా వాగాలో మే నెల పొద్దున్న
కారవాన్ ముందున్న పెట్టె మూత తీస్తే
రెండు బ్యాటరీలూ పొట్టలుబ్బి పడున్నాయి,
పెళ్ళిభోజనం చేసి వాలిపోయిన బావగార్లలా.
తీగల కొనల మీద తెల్లగా, పచ్చగా పూసిన ఉప్పు.
వంటసోడా నీళ్ళు పోశాను.
బుస్సుమని పొంగింది. అదొక్కటే ప్రాణం వాటిలో.

విశ్వపతి కాగితం, పెన్సిలు తెచ్చుకున్నాడు.
మా ఇంట్లో ఏ వస్తువైనా ముందు కాగితం మీద కొనాలి.
దీపాలకింత, నీళ్ళ పంపుకింత,
ఫ్రిజ్ ఎలాగూ గ్యాసు మీద,
చలిరాత్రి హీటరు ఫ్యానుకి ఇంకొంత.
కూడి, కింద రెండు గీతలు గీశాక అడిగాను:
"కరెంటు లేనిచోట ఏడాదికి ఎన్ని రాత్రులుంటాం?"
పెన్సిలు చెవి మీదికెక్కింది.
"కిందటేడు రెండు. అంతకుముందు ఒకటి,
అదీ పార్కులో చోటు దొరక్క."

మిగతా రాత్రులన్నీ మేం
కరెంటు గుంజకి కట్టేసిన గేదెలమే.
తాడు మాత్రం నారింజ రంగుది.

ఫిట్జ్‌మారిస్ వీధి చివర కొట్లో
డెస్ లిథియం పెట్టెను ఒంటిచేత్తో ఎత్తి చూపించాడు.
"పన్నెండు కిలోలు. పదేళ్ళు దీనివైపు చూడక్కర్లేదు."
ధర చెప్పేటప్పుడు మాత్రం బల్ల మీద పెట్టేశాడు.
మా పాత చార్జరు దానికి పడదట, అదీ మార్చాలట.
గడ్డకట్టే చలిలో చార్జి ఎక్కదట.
జూలైలో మా పెరట్లో గడ్డి కరకరలాడుతుంది.
పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, అనుకున్నాను.
పైకి అనలేదు.
విశ్వపతి కళ్ళు అప్పటికే ఆ నీలం పెట్టె మీదున్నాయి.

పక్కనే సీలు వేసిన రకం. నీళ్ళడగదు, ఒలకదు,
ధర కూడా మధ్యస్థం.
అడుగు అరలో, దుమ్ములో, ఆరు మూతల పాతరకం.
"దీనికి నీళ్ళు పోస్తుండాలి," అన్నాడు డెస్,
పెళ్ళికొడుక్కి ఓ అలవాటుందని చెప్పే గొంతుతో.

ఆలోచించి చెబుతామన్నాం.

ఇంటికొచ్చి ఖాళీ పెట్టె కడుగుతుంటే
మూత లోపలివైపు పెన్సిలు గీతలు.
బెవర్లీ రాత. ఈ బండి మాకమ్మినావిడ.
పైన "నీళ్ళు" అని ఇంగ్లీషులో ఒక్క మాట,
కింద నెలలు, నెలకో టిక్కు.
ఒక జూన్ పక్కన "కీత్ ఆసుపత్రిలో" అని ఉంది.
టిక్కూ ఉంది.
అక్కణ్ణుంచి గీతలు కాస్త వణికాయి, నెల మాత్రం తప్పలేదు.
చివరి టిక్కు మేం బండి తెచ్చుకున్న నెలది.
దాని కింద మూడేళ్ళ తెలుపు.

ఆ తెలుపు మాది.
ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచాం,
లోపల నీళ్ళు చుక్కచుక్కగా ఆవిరైపోయాయి.
కంపెనీ మంచిది కాదని, ఎండలు ఎక్కువని
పొద్దుట్నించీ చెప్పుకున్నవేవీ ఆ మూత ముందు నిలవలేదు.
నేను డయాలిసిస్ వార్డులో పనిచేస్తాను.
ఎవరెన్ని మిల్లీలీటర్లు తాగారో రోజూ రాస్తాను.
నా గుమ్మం ముందే రెండు దాహంతో చచ్చాయి.

విశ్వపతి మూత చూశాడు. కాగితం మడిచాడు.
"ఒకటి చాలేమో," అన్నాడు చాలాసేపటికి.
"రెండోదాని చోట..."
"ఉల్లిపాయలు," అన్నాను.

శనివారం ఆరు మూతలది తెచ్చుకున్నాం.
ఇరవై ఎనిమిది కిలోలు. చెరో చెవీ పట్టుకుని మోశాం.
డెస్ బిల్లు రాస్తూ ఆ నీలం పెట్టెని తుడిచాడు, ఊరికే.

డిస్టిల్డ్ వాటర్ సీసా ఇస్త్రీపెట్టె పక్కనుంది.
జూన్, టిక్కు. జూలై, టిక్కు.
ఆగస్టుది విశ్వపతి పెట్టాడు.
నీళ్ళు పోసే పెట్టాడో లేదో
రేపు మూతలు విప్పి చూస్తాను.