తడి చెంప

మన్ననూరు ఘాట్ల మూడో మలుపుకాడ
బండికి దమ్ము చాలలే.
ఎనుక నల్లపొగ,
లోపల శ్రీశైలం పోయే ఆరుగురి సణుగుడు.

అచ్చంపేటల కుర్మయ్య షెడ్డు.
పన్నెండేండ్లు బోరుబండి మీద చేసి
చెవులు రెండూ రాళ్లకే ఇచ్చొచ్చినోడు.
బానెటు లేపి, పొగ మరక చూసి
"టర్బో మంచిగనే ఊదుతుంది,
ఆ గాలిని తొవ్వల ఎవడో తింటుండు" అన్నడు.

టర్బో మూతికి నూనెడబ్బా ముక్క బిగించి
పంక్చరు కంప్రెషరుతోని గాలి ఎక్కించిండు.
నాకు ఇస్స్‌మని సన్నగ వినవడ్తనే ఉంది,
యాడనో చెప్పరాకుంటున్న.
ఆయన చెంప తడుపుకొని
ఇంటర్‌కూలరు గొట్టాల పొంటి వంగిండు,
జరమొచ్చిన పిల్ల ఊపిరి చూసినట్టు.
ఒకకాడ ఆగిండు.
సబ్బునీళ్లు చల్లితే
క్లిప్పు కింద, వేలికి తాకని చీలిక
బుడగలు బుడగలు కక్కింది.

"ఊకె నిలవడ్డప్పుడు ఏ పైపైనా మంచిదే.
ఎత్తు ఎక్కేటప్పుడు నోరు తెరుస్తది."

లారీ గొట్టం ముక్క కోసి, రెండు క్లిప్పులు గుంజి కట్టి
మున్నూట యాభై తీస్కుండు.

పోతుంటే విన్న,
ఆయన కంప్రెషరు పైపు కూడ
మూలకు ఒక్కతే ఇస్స్‌మంటుంది.
భుజం తట్టి చూపిద్దామనుకున్న.
లోపలోళ్లు హారను కొట్టిండ్రు.