మోకాలికీ బోడిగుండుకీ

హకొదాతెలో మంచు వానగా మారే మార్చి ఉదయం.
గదిలో లైటు తగ్గించి
జెల్ సీసాని వేణ్ణీళ్ల గిన్నెలో ఉంచాను.
ఒరికాస తమాయె మేజోళ్లు విప్పి
ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఉండ చేసి
నా బల్లమీదే పెట్టేసి అడిగింది:
"రోగం అండాశయంలో, పరీక్ష పిక్కలకా?"

ముప్ఫై రెండేళ్లు ట్రాము నడిపిన మనిషి.
"నా కాళ్లు నన్నెప్పుడూ నడిదారిలో దింపెయ్యలేదు" అంది.
నిజమే. వాపు లేదు, నొప్పి లేదు, ఎరుపైనా లేదు.
రక్తపరీక్ష కాగితంలో ఒక్క అంకె మాత్రం
గీత దాటి నిలబడింది.
వచ్చే గురువారం ఆపరేషను.

నా పని చిన్నది.
గజ్జల దగ్గర మొదలుపెట్టి
వేలెడు వేలెడు కిందికి దిగుతూ
సిరని నొక్కడం, వదలడం.
మంచి సిర సిగ్గరి,
తాకితే చాలు, పెదాలు రెండూ కలిపేసుకుంటుంది.
పక్కనే ధమని
నాకేం పట్టనట్టు కొట్టుకుంటూ ఉంటుంది.
ఇరవయ్యేళ్లుగా ఈ చీకట్లో
మూతపడేవాటిని చూసి సంతోషించడం అలవాటైంది నాకు.

కుడికాలు, మడమ దాకా కలిసింది.
ఎడమకాలు.
మోకాలి వెనక గుంట.
నొక్కాను.
కలవలేదు.

మళ్లీ నొక్కబోయి చెయ్యి ఆపుకున్నాను.
కునుకు తీస్తున్నదాన్ని కదపకూడదు,
కదిలితే దానికి తెలిసిన దారి ఒక్కటే,
పైకి, గుండెలోంచి ఊపిరితిత్తికి.

"ఆగారేం? ఇక్కడ స్టాపు లేదే" అంది
తల ఎత్తి చూడబోతూ.
ఉన్ని టోపీ జారిపోయింది.
మూడు విడతల మందుకి నున్నగా రాలిన తల,
తెర వెలుగు పడి కాస్త నీలంగా.

మోకాలికీ బోడిగుండుకీ ముడేమిటని
నవ్వుతారు కదా లోకంలో.
ముడి ఉంది.
బూడిదరంగులో, చిక్కుడు గింజంత,
ఇదిగో, నా చేతి కిందే.

"డాక్టరుగారు చెబుతారు" అన్నాను.
ఆ మాటకి అర్థం
ఆమెకీ తెలుసు, గోడకీ తెలుసు.

హతకెయామా డాక్టరుకి ఫోను చేశాను.
చక్రాల కుర్చీ వచ్చింది. ఆమె నొచ్చుకుంది,
ఉదయం నాలుగో అంతస్తు నించి
మెట్లు దిగి వచ్చిన మనిషి మరి.
జెల్ తుడిచాను. వంగి మేజోళ్లు తొడిగాను,
ఎడమది
పసిపిల్ల నిద్ర చెడకుండా దుప్పటి లాగినట్టు.

"గురువారం బండి రద్దా?" అంది తలుపు దగ్గర.
చెప్పే హక్కు నాకు లేదు.
"ఆలస్యం" అన్నాను.