తోక మీద చుక్కలు

మూడో రోజుకి గాలి ఈశాన్యానికి తిరిగింది.
కొట్లో ఐసుపెట్టె అడుగున మిగిలిన బొంతచేపల్ని
తలలు ఒకవైపు, తోకలు ఒకవైపు కోస్తూ
"ఈ రాత్రికి వస్తాయి" అన్నాను.
ఎల్వుడ్ గాస్కిల్ రేడియో కట్టేశాడు.
"వస్తాయని నీళ్ళు చెప్పాలి, నువ్వు కాదు."
అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు.

హాటెరస్ మొన.
వాటా తేలని అన్నదమ్ముల్లా
రెండు ప్రవాహాలు రోజంతా తోసుకునే చోటు.
టైర్లలో సగం గాలి తీసేసి
ఇసుక మీద మెల్లగా నడిపాను.
దీపాల ముందు తెల్లపీతలు అడ్డంగా పరుగు.
నిరుడు ఇక్కడికి వచ్చే దారిలో
రెండు ఇళ్ళు సముద్రంలోకి దిగిపోయాయి,
మెట్లతో సహా, కిటికీ తెరలతో సహా.
ఒక మంచం మాత్రం తిరిగొచ్చింది.

మాకంటే ముందే నలభై బళ్ళు.
ఎవరి థర్మాసు వాళ్ళది, ఎవరి చలి వాళ్ళది.
నీ దారం మీదుగా నా దారం పోతే
ఎవరూ తిట్టరు,
తల వంచి కింద నుంచి దూరి పోతారు.
ఇక్కడి మర్యాద అంతవరకే, అది చాలు.

ఆయన భుజం పోయి రెండేళ్ళు.
విసరడం నాది, పట్టుకోవడం ఆయనది.
ఎనిమిది ఔన్సుల సీసం, బొంతచేప తల,
పన్నెండడుగుల కర్ర వెన్ను విరుచుకుంది,
వదిలాను.
ఎక్కడ పడిందో వినపడదు.
దారం పరుగు ఆగడమే కబురు.
కర్ర ఆయన చేతికిచ్చాను,
పసిపిల్లని అందించినట్టు, తల జాగ్రత్త అనకుండా.

గంట. మరో గంట.
ఉప్పు పెదాల మీద ఎండింది.
పక్కన టెనెసీ కుర్రాడెవడో
మోకాళ్ళ మధ్య టోపీ పెట్టుకుని నిద్రపోయాడు.
పోటు మెట్ట దాటి
లోపలి కయ్యలోకి రావడం
నేను కాళ్ళతో తెలుసుకున్నాను,
ఆయన దేనితో తెలుసుకున్నాడో.
"ఇప్పుడు" అన్నాడు.

ఈ చేప కొరకదు, రుచి చూడదు.
వచ్చి, ఎప్పుడో తాను దాచుకున్నట్టు,
తీసుకుపోతుంది.
కర్ర సముద్రానికి దండం పెట్టింది.
"చేప!" అని ఎవరో కేకేస్తే
బారు బారంతా దారాలు పైకెత్తి దారిచ్చింది.
ఆయన తీరం వెంట దక్షిణానికి నడిచాడు.
నడిచాడంటే, చేప నడిపించింది.
ఆయన నడుంపట్టీ రెండు చేతులా పట్టుకుని
వెనకే నేను.
అలా ఎంత దూరమో.
నిద్రలేచిన కుర్రాడు కూడా వెంట వచ్చాడు,
ఎందుకో వాడికే తెలియదు.

ఆఖరి అల వెనక్కి తీస్తుంటే
నేను తొడల లోతు దిగి
ఒక చేయి తోక మొదట్లో, ఒక చేయి పొట్ట కింద.
నుదుటి దీపం ఎర్ర వెలుగులో
చింతపండుతో తోమిన రాగి బిందె ఒకటి
ఊపిరి తీస్తోంది.
నలభై ఆరు అంగుళాలు.
ఇంత పెద్దవాటిని ఉంచుకోకూడదు, చట్టం.
వయసు చెవిలోని రాయిలో ఉంటుంది,
ఏడాదికో గీత.
గీతలు లెక్కపెట్టాలంటే చంపాలి.
మాలో ఎవరం అడగలేదు.
నా అరచేతుల్లో దాని కడుపు డప్పు కొట్టింది.
రెండు దెబ్బలు, ఆగి, ఒకటి.
ఊరికే కాదు దీన్ని డ్రమ్ అనేది.

ఆయన మోకాళ్ళు వంగవు, పొడి ఇసుక మీదే నిలబడి,
"వెర్నా, చుక్కలెన్ని?"
తోక మొదట్లో, దిష్టి తగలకుండా
ఎవరో కాటుక పెట్టినట్టు
"ఎడమవైపు రెండు. ఇటు ఒకటి."
కాసేపు గాలి మాత్రమే.
"అయితే అది కాదు."

ఏది కాదు?
అడిగాను.
దారం చుట్టుకుంటున్నాడు,
చెవుల యంత్రం లేనట్టు.

మూతి అలలకు ఎదురుగా పెట్టి పట్టుకున్నాను.
మొప్పలు తెరిచాయి, మూశాయి, తెరిచాయి.
తోక ఒకసారి నా మణికట్టుని కొట్టింది,
అది వీడ్కోలు కాదు, దారి తప్పుకొమ్మనడం.
చేతుల్లో ఉన్నట్టుండి నీళ్ళే మిగిలాయి.

టెనెసీ కుర్రాడు చప్పట్లు కొట్టబోయి
మా మొహాలు చూసి
చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

బకెట్లో ఒక్క తల మిగిలింది.
దాని కంట్లోంచి ముల్లు దించి
మళ్ళీ విసిరాను, ఈసారి ఇంకొంచెం ఎడమకి.
కర్ర అందుకుంటూ అన్నాడు:
"మూడుండాలి. ఎడమవైపు."