ఏడో అధ్యాయం, గుణుపురం సంత

నేను ఒరియా బళ్ళో చదువుకున్నాను.
తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది,
పెద్ద బైబిలు మీద నా వేలు పెట్టించి.
అందుకే ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను,
క్రియ చివర ఏముందో చూడకుండా దాటలేను.

ఆదివారం నా వంతు.
రోమావాళ్ళకి పౌలు రాసిన ఉత్తరం, ఏడో అధ్యాయం.
చదివి కూర్చున్నాక పాస్టరు జోగారత్నంగారు అన్నారు:
"ఇదంతా ఆయన మారకముందు గోడు. మనది కాదు."
అందరూ తలూపారు. ఫ్యాను కూడా.

చేసేవాణ్ణి అని లేదక్కడ.
చేస్తున్నాను అని ఉంది.
అసహ్యించుకున్నదే చేస్తున్నానని,
రాస్తున్న సిరా ఆరకముందే చేస్తున్నట్టు.

ఆ క్రియ నాకు తెలుసు.
మంగళవారం సంతలో సావుకారు కాటా దగ్గర నిలబడేది నేనే.
పుట్టసింగి నుంచి, ఇంకా పైనుంచి
చీకటితో బయల్దేరి సవర ఆడవాళ్ళు చింతపండు దించుతారు.
అమ్మేవాడి వేలు పైనుంచి నొక్కుతుంది,
కొనేవాడి వేలు కిందనుంచి ఎత్తుతుంది.
గంప ఎక్కగానే నా బొటనవేలు పళ్ళెం అంచు కిందికి పోతుంది.
నేను పంపను. పోతుంది.
పావుకిలో గాల్లో కలుస్తుంది.
కరెంటు కాటా వచ్చాక, ఎర్ర అంకెలు అబద్ధమాడవన్నారు.
అవి ఆడలేదు.

కొన్నాళ్ళు ఒక్క వాక్యం పట్టుకుని బతికాను:
చేసేది నేను కాదు, నాలో కాపురమున్న పాపం.
ఎంత హాయి! అద్దెకున్నవాడి మీద ఫిర్యాదు.
కానీ ఇల్లు నాది,
ఆ అద్దెతో వండిన అన్నం నా కంచంలోది.
పౌలు తప్పించుకోడానికి అనలేదా మాట.
అర్ధరాత్రి పాముని చూసినవాడు దీపమెత్తి అరిచినట్టు అన్నాడు:
ఇదిగో, ఇక్కడే, ఇంట్లోనే ఉంది.

గుడి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ
ఎలీసబా రైతా అంది,
"బాగా చదివావు బాబూ.
మంగళవారం కాటా కూడా అలాగే చదువు."
నవ్వుతూనే అంది.

ఆ మంగళవారం బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వెళ్ళాను.
కట్టు చూసి ఆమె కొంగుముడి విప్పి
పసుపుకొమ్ము చేతిలో పెట్టింది.
"కొండ పసుపు. అరగదీసి రాసుకో."
దెబ్బ లేదని చెప్పలేకపోయాను.
పద్నాలుగు కిలోల మూడువందలు.
సరిగ్గా చదివాను, పక్క దుకాణానికి వినబడేలా.
ఆమె వెనకామె గంపకి
చిటికెన వేలు కదిలింది.

రాత్రి మళ్ళీ తెరిచాను.
ఈ ఒంటి చెర నుంచి నన్నెవరు విడిపిస్తారని కేకేసి,
ఆ వెంటనే దేవుడికి వందనాలు చెప్పాడు పౌలు.
ఏ పాస్టరయినా అక్కడ ఆపుతాడు, పాట మొదలవుతుంది.
ఆయన ఆపలేదు.
వందనాల తర్వాత ఇంకో వాక్యం రాశాడు,
మనసు ఒకరికి ఊడిగం చేస్తోంది, ఒళ్ళు ఇంకొకరికి, అని.
చేస్తోంది. మళ్ళీ అదే క్రియ.
ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యనందుకు
రెండువేల ఏళ్ళ అవతలి మనిషి కాళ్ళు మొక్కాలనిపించింది.

పేజీ తిప్పితే ఎనిమిదో అధ్యాయం. తెలుసు.
అరగదీసిన పసుపు ఇంకా ఆరలేదు.
కాగితం అంచు కిందికి పోయి ఎత్తవలసింది
ఈ వేలే.